పెద్ద భూకంపానికి ఇంటిని సిద్ధం చేసుకోవడం: సంచి కంటే ముందు పడకగది

భూకంపానికి ఏం జాగ్రత్తలు తీసుకున్నారని అడిగితే ఎక్కువమంది సంచి గురించే చెబుతారు. టార్చి, నీళ్ల సీసా, మందులు, బిస్కెట్లు సర్ది తలుపు పక్కన పెట్టామంటారు. మంచిదే, ఆ సంచి కావాలి. కానీ అది పనికొచ్చేది భూమి ఊగడం ఆగాక, ఇంట్లోవాళ్లు క్షేమంగా ఉన్నాక. ఊగుతున్న ఆ నిమిషంలో మనిషిని దెబ్బతీసేవి గోడ, స్లాబు, బీరువా, టీవీ, కిటికీ అద్దం. వాటి సంగతి చూడకుండా సంచి సర్దుకుంటే అసలు ప్రమాదం అలాగే ఉండిపోతుంది.

అందుకే ఇక్కడ వరుస వేరుగా ఉంటుంది. ముందు ఇల్లు, తర్వాత పడకగది, ఆ తర్వాత మిగతా గదుల్లో మీద పడే సామాను, ఊగేటప్పుడు ఏం చేయాలో ఒంటికి అలవాటు చేయడం. నీళ్లు, మరుగుదొడ్డి, సంచి వాటి తర్వాతే.

1993 సెప్టెంబర్ 30న లాతూరు ప్రాంతంలో భూకంపం వచ్చింది తెల్లవారుజామున 3:56కి. 1995 జనవరి 17న జపాన్‌లోని కోబేలో 5:46కి. 2023 ఫిబ్రవరి 6న టర్కీలో 4:17కి. మూడుసార్లూ జనం మంచాల మీదే ఉన్నారు. భూకంపానికి రాత్రీ పగలూ లేదు. కానీ రోజులో మూడో వంతు మనం చీకట్లో, పడుకుని, కాళ్లకు చెప్పులు లేకుండా, కళ్లజోడు తీసి ఉంటాం. కోబేలో 6,400 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో అత్యధికులు కూలిన ఇళ్ల కింద, మీద పడిన సామాను కింద నలిగి, ఊపిరాడక పోయినవాళ్లే.

ఆ కొన్ని సెకన్లలో ఏం జరుగుతుంది

భూమి లోపల రాతిపొర జారినప్పుడు రెండు రకాల అలలు బయల్దేరతాయి. ముందుగా వచ్చేది వేగంగా వచ్చే అల, సెకనుకు ఆరు కిలోమీటర్ల దాకా వెళుతుంది. అది తగిలినప్పుడు ఒక చిన్న కుదుపు, గిన్నెల చప్పుడు, ఏదో పెద్ద లారీ వెళ్లిన శబ్దం లాంటివి ఉంటాయి. దాని వెనకే వచ్చే అల నెమ్మది, సెకనుకు సుమారు మూడున్నర కిలోమీటర్లు. ఇళ్లను పక్కలకు ఊపి కూల్చేది ఎక్కువగా ఇదే. భూకంపం పుట్టిన చోటు మీకు అరవై కిలోమీటర్ల దూరంలో ఉంటే ఈ రెంటి మధ్య దాదాపు ఏడు సెకన్ల తేడా ఉంటుంది. బాగా దగ్గరైతే ఒకటి రెండు సెకన్లే.

అంటే మొదటి కుదుపుకే కదలాలి. "భూకంపమేనా, కాదా" అని ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటే ఆ సెకన్లు పోతాయి.

మొదటి పని: ఇంటిని చూడటం

ఇది ఒక్కరోజులో అయ్యేది కాదు, ఖర్చుతో కూడినది కూడా. అయినా దీన్నే ముందు పెడుతున్నాను, ఎందుకంటే ఇల్లు నిలబడితేనే మిగతావన్నీ అక్కరకొస్తాయి.

లాతూరులో దాదాపు పదివేల మంది చనిపోయారు. భూకంపం తీవ్రత 6.2 మాత్రమే. అక్కడి ఇళ్లకు రాళ్లను మట్టితో పేర్చిన లావు గోడలు, పైన మందంగా మట్టి పరిచిన కప్పులు. గోడలో రాయికీ రాయికీ పట్టు లేదు, పైన టన్నుల బరువు. ఊపు మొదలవగానే గోడ పొరలుగా విడిపోయి కప్పు నేరుగా మనుషుల మీదికి దిగింది. అదే తీవ్రత, గట్టిగా కట్టిన ఇళ్లున్న ఊళ్లో వస్తే చావులు అందులో ఎన్నో వంతో ఉంటాయి.

మీ ఇంటి చుట్టూ ఒకసారి నిదానంగా తిరిగి ఇవి చూడండి.

కింద అంతా పార్కింగ్ కోసం ఖాళీగా వదిలేసి, సన్నటి పిల్లర్ల మీద నాలుగైదు అంతస్తులు లేపారా? పై అంతస్తుల్లో గోడలుంటాయి కాబట్టి అవి బిగువుగా ఉంటాయి. కింద గోడల్లేవు, కాబట్టి ఊపంతా ఆ పిల్లర్ల మీదే పడుతుంది. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు, కేంద్రానికి రెండువందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూడా ఇలాంటి అపార్ట్‌మెంట్లు కూలిపోయాయి.

ముందు అనుకున్నదానికంటే ఎక్కువ అంతస్తులు తర్వాత వేశారా? షాపు కోసమో హాలు పెద్దది చేయడానికో కింద గోడలు, పిల్లర్లు తీసేశారా? పిల్లర్ల దగ్గర సిమెంటు ఊడి తుప్పు పట్టిన ఇనుము కనిపిస్తోందా? కిటికీల మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు సాగుతున్నాయా? పిట్టగోడ ఊగుతోందా? మీద పెట్టిన నీళ్ల ట్యాంకు దేని మీద నిలబడి ఉంది? వెయ్యి లీటర్ల ట్యాంకు అంటే టన్ను బరువు, అదీ ఇంటికి అన్నిటికంటే ఎత్తులో.

వీటిలో ఏ ఒక్కటి ఉన్నా స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించండి. మేస్త్రీని కాదు. మేస్త్రీకి కట్టడం తెలుసు, ఊపుకు ఏ పిల్లరు మీద ఎంత భారం పడుతుందో లెక్క వేయడం వేరే చదువు. ఇంజనీరును రెండు ప్రశ్నలు తప్పక అడగండి: ఈ భవనంలో ముందు విరిగేది ఎక్కడ? దాన్ని గట్టి చేయాలంటే ఏం చేయాలి? కింద అంతస్తులో కొన్ని చోట్ల కాంక్రీటు గోడలు లేపడం, పిల్లర్ల చుట్టూ అదనపు ఇనుముతో కాంక్రీటు తొడుగు వేయడం, ఇటుక ఇళ్లకు కిటికీల పైనా కప్పు కిందా చుట్టూతా పట్టీ వేయడం లాంటి మార్గాలున్నాయి. పగులు మీద ప్లాస్టరింగు చేసి రంగు వేయడం మాత్రం మార్గం కాదు. దానివల్ల పగులు కనబడకుండా పోతుందంతే.

అద్దె ఇల్లయితే ఇవేవీ మీ చేతిలో ఉండవు. కానీ ఇల్లు మారేటప్పుడు గాలీ వెలుతురూ చూసినట్టే కింద గోడలున్నాయో లేదో చూడటం మీ చేతిలోనే ఉంది.

రెండో పని: పడకగది

ఇది ఈరోజే చేయొచ్చు, పైసా ఖర్చు లేదు. ఇంట్లో ప్రతి ఒక్కరి మంచం మీదా వెల్లకిలా పడుకుని పైకీ పక్కలకీ చూడండి. మీ మీద పడగలిగింది ఏముంది? తల పైన గాజు ఫ్రేము ఉంటే తీసేయండి. తల పైన షెల్ఫు ఉంటే దాన్ని మార్చండి, కనీసం ఖాళీ చేయండి. అటక మీద మంచం వైపు పెట్టిన సూట్‌కేసులు, ఇత్తడి గిన్నెలు కిందికి దించండి. సీలింగ్ ఫ్యాను కొక్కెం, బోల్టు, పిన్ను సరిగా ఉన్నాయో చూపించండి. మంచం కిటికీకి ఆనుకుని ఉంటే దూరం జరపండి. అది కుదరకపోతే మందపాటి కర్టెన్ వేసి రాత్రి మూసి ఉంచండి, పగిలిన గాజు చాలావరకు దాని వెనకే ఆగుతుంది.

ఇక బీరువా. ఆరడుగుల బీరువా పడితే ఆరడుగుల దూరం దాకా వస్తుంది. గోడ దగ్గర్నుంచి టేపుతో కొలవండి. ఆ కొలత లోపల ఎవరి తలా ఉండకూడదు, గది తలుపు ఉండకూడదు. తలుపుకు అడ్డంగా పడ్డ బీరువా దెబ్బ తగలని మనిషిని కూడా లోపలే బంధిస్తుంది.

మంచం కాలికి ఒక గుడ్డ సంచి కట్టండి. అందులో అడుగు గట్టిగా ఉన్న బూట్లు, ఒక టార్చి, ఒక విజిల్, కళ్లజోడు వాడేవాళ్లకు పాత జోడు. కట్టడం ఎందుకంటే పక్కన పెట్టినవి ఊపుకు గది అవతలికి వెళ్లిపోతాయి. భూకంపం తర్వాత అతి మామూలుగా తగిలే గాయం అరికాళ్లలో గాజు గుచ్చుకోవడం. నడవలేని మనిషి పిల్లల్ని ఎత్తుకోలేరు, మెట్లు దిగలేరు. ఈ ఒక్క సంచి పిల్లలతో సహా ప్రతి మంచానికీ ఉండాలి. ఈ మొత్తం వ్యాసంలో ఒక్కటే పని చేస్తానంటే నేను చెప్పేది ఇదే.

బీరువాను గోడకు బిగించడం

జరపడం కుదరని వాటిని బిగించాలి. చూడటానికి చిన్న పనే, కానీ తప్పుగా చేసేవాళ్లే ఎక్కువ, అందుకే కాస్త వివరంగా.

ముందు గోడను వేలి కణుపుతో తట్టండి. డొల్ల శబ్దం వస్తే అది పలకలతో చేసిన పార్టిషన్, లోపలి ఫ్రేము దొరికిన చోట తప్ప బరువు ఆపదు. గట్టి శబ్దం వస్తే ఇటుకో కాంక్రీటో. ఇటుక గోడైతే రెండు ఇటుకల మధ్య సిమెంటు జాయింటులో కాకుండా ఇటుకలోనే రంధ్రం వేయాలి. డ్రిల్ వేసేటప్పుడు రాలే పొడి రంగు చూస్తే ఇటుకలోకి వెళ్లిందో లేదో తెలుస్తుంది.

గోడ మీద ప్లాస్టరింగే ఒకటి రెండు సెంటీమీటర్ల మందం ఉంటుంది. మూడు సెంటీమీటర్ల స్క్రూ వాడితే అందులో సగానికి పైగా ప్లాస్టరింగులోనే ఉండిపోతుంది, మొదటి ఊపుకే పెళ్లతో సహా ఊడి వస్తుంది. ప్లాస్టరింగు దాటి ఇటుకలోకి కనీసం నాలుగైదు సెంటీమీటర్లు దిగేంత పొడవు కావాలి. రంధ్రం వేశాక లోపలి పొడి ఊది తీసేయండి. పొడి ఉంటే స్క్రూ పట్టుకోవడానికి రంధ్రంలో దించే ప్లగ్గు బిగుసుకోదు. ప్లగ్గు సుత్తితో కొట్టినప్పుడు బిగువుగా దిగాలి, వేలితో నొక్కితే దూరిపోతే రంధ్రం పెద్దదైనట్టు. అప్పుడు లావు ప్లగ్గు తీసుకోండి లేదా చోటు మార్చండి.

బీరువా పైభాగంలో, రెండు చివరలా, చెరొక ఇనుప ఎల్ యాంగిల్ పెట్టాలి. మధ్యలో ఒక్కటే పెడితే చాలదు, బీరువా మెలితిరిగి లాగేస్తుంది. ఇనుప బీరువా అయితే రేకుకు రంధ్రం వేసి, లోపల వాషరూ నట్టూ వేసి బోల్టుతో బిగించండి. ఉత్త స్క్రూ పల్చటి రేకును చించుకుని వచ్చేస్తుంది. చెక్కదైతే వెనకున్న పల్చటి ప్లైవుడ్‌కి కాదు, పక్కనో పైనో ఉన్న దళసరి చెక్కకు బిగించాలి. చివరగా బీరువా పై అంచు పట్టుకుని ముందుకు గట్టిగా లాగండి. గోడ దగ్గర పొడి రాలితే పని మళ్లీ చేయాలి.

రెండు ముక్కలుగా ఒకదాని మీద ఒకటి ఉండే అల్మరాలైతే వాటిని ఒకదానికొకటి కూడా బిగించండి. బరువైనవన్నీ కింది అరల్లోకి, బట్టలు పై అరల్లోకి. తలుపులకు తాళమో గొళ్లెమో వేసే అలవాటు చేసుకోండి.

పుస్తకాల రాక్, ఫ్రిజ్, షూ ర్యాక్ లాంటి వాటికి ఇదే పద్ధతి. టీవీ గోడకు తగిలించినదైతే దాని స్టాండు స్క్రూలు చూసుకోండి, టేబుల్ మీద ఉంటే వెనక నుంచి పట్టీ వేసి కట్టండి. అక్వేరియం మంచానికీ సోఫాకీ పక్కన వద్దు.

వంటగది, గీజరు, గ్యాస్

వంటగది అరల తలుపులకు తనంతట తాను పడే గొళ్లెం పెట్టించండి. అయస్కాంతం చిలకలు ఊపుకు ఆగవు, తలుపు తెరుచుకుని గాజు సీసాలన్నీ రాలిపోతాయి. యాసిడ్, బ్లీచింగ్ లాంటివి ఒకదానితో ఒకటి కలిస్తే విషవాయువు పుడుతుంది, వాటిని కింద వేర్వేరు బకెట్లలో పెట్టండి.

నేల మీద నిలబడే పెద్ద గీజర్లు నిండుగా ఉన్నప్పుడు నూట యాభై కిలోలు, రెండొందల కిలోలు ఉంటాయి. పై మూడో వంతు దగ్గర ఒకటి, కింది మూడో వంతు దగ్గర ఒకటి, రెండు ఇనుప పట్టీలతో గోడకు కట్టించాలి. గోడకు వేలాడే చిన్న గీజరు కొక్కేలు తుప్పు పట్టాయేమో చూడండి. గ్యాస్ సిలిండరు నిటారుగా నిలబెట్టి నడుము దగ్గర గొలుసుతో గోడకు బిగించండి. పొయ్యికి వెళ్లే గొట్టం రబ్బరుది, కాస్త వదులుగా ఉండాలి. బిగుసుగా లాగి పెడితే సిలిండరు కదలగానే ఊడుతుంది.

గ్యాస్ ఆపే చోటు, కరెంటు మెయిన్ స్విచ్, నీళ్ల మెయిన్ వాల్వ్: ఈ మూడూ ఎక్కడున్నాయో ఇంట్లో అందరికీ తెలియాలి, పన్నెండేళ్ల పిల్లలకు కూడా. పైపు గ్యాస్ ఉన్న ఇంట్లో వాల్వ్ తిప్పడానికి రెంచి కావాల్సి వస్తే దాన్ని అక్కడే తీగతో వేలాడదీయండి. చాలా ఏళ్లుగా తిప్పని వాల్వులు బిగుసుకుపోయి ఉంటాయి. నీళ్ల వాల్వును ఇప్పుడే తిప్పి చూడండి. గ్యాస్ వాల్వును మాత్రం సరదాకు తిప్పొద్దు, పైపు గ్యాస్‌ను ఒకసారి ఆపితే మళ్లీ తెరవాల్సింది కంపెనీ మనుషులే.

ఊగేటప్పుడు: ఒంటికి రావాలి

ప్రపంచమంతా నేర్పే సూత్రం మూడు మాటలు: కింద వంగు, తల కప్పుకో, పట్టుకో. మోకాళ్ల మీదా చేతుల మీదా కిందికి దిగండి, లేకపోతే ఊపే మిమ్మల్ని పడేస్తుంది. గట్టి టేబుల్ కిందికి దూరండి. ఒక చేత్తో మెడ వెనక కప్పుకుని, రెండో చేత్తో టేబుల్ కాలు పట్టుకోండి. టేబుల్ జరిగితే దాంతోపాటే జరగండి. టేబుల్ లేకపోతే కిటికీలకు దూరంగా, లోపలి గోడ పక్కన వంగి రెండు చేతులతో తలా మెడా కప్పుకోండి.

మంచం మీద ఉంటే దిగొద్దు. బోర్లా తిరిగి దిండు తల మీద, మెడ మీద పెట్టుకుని పట్టుకోండి. చీకట్లో దిగి నడిస్తే పడటమో గాజు తొక్కడమో జరుగుతుంది. వంగలేని పెద్దవాళ్లు కుర్చీలోనో మంచం అంచునో కూర్చున్న చోటే ముందుకు వంగి తల కప్పుకోవాలి. చక్రాల కుర్చీకి ముందు బ్రేకులు వేసి అలాగే వంగాలి.

గుమ్మంలో నిలబడమనే పాత సలహా ఇప్పటి ఇళ్లకు పనికిరాదు. గుమ్మం మిగతా గోడకంటే గట్టిదేం కాదు, పైగా తలుపు ఊగి కొడుతుంది. మెట్ల మీదికి పరుగెత్తొద్దు, లిఫ్టు ఎక్కొద్దు. బయటికి పరుగెత్తినవాళ్ల మీద పడేవి పిట్టగోడలు, సన్‌షేడ్లు, గాజు పలకలు. అయితే ఒక మినహాయింపు ఉంది, దాన్ని నిజాయతీగా చెప్పాలి. బరువైన మట్టి కప్పు, రాళ్ల గోడలున్న పాత ఇంట్లో కింది అంతస్తులో, తలుపు పక్కనే ఉండి, రెండు మూడు సెకన్లలో ఖాళీ స్థలంలోకి వెళ్లగలిగితే వెళ్లిపోవడమే మేలు. అలాంటి ఇంట్లో టేబుల్ కాపాడదు. మీ ఇల్లు ఏ రకమో ముందే తేల్చుకుని, ఇంట్లో అందరూ ఒకే నిర్ణయం మీద ఉండాలి.

ఇది చదివితే రాదు, చేయాలి. ఒకరు "భూకంపం" అని అరవాలి, మిగతావాళ్లు ఎక్కడున్నవాళ్లు అక్కడ దగ్గరి చోటుకు చేరి అరవై అంకెలు లెక్కపెట్టే దాకా కదలకుండా ఉండాలి. అరవై చాలా ఎక్కువసేపు అనిపిస్తుంది. 2011 మార్చి 11న జపాన్‌లో వచ్చిన 9 తీవ్రత భూకంపంలో చాలాచోట్ల మూడు నిమిషాలకు పైగా ఊగింది. పిల్లలతో స్నానాల గదిలో, వంటగదిలో, హాల్లో విడివిడిగా చేయించండి. ఒకసారి రాత్రి లైట్లు తీసేసి చేయించండి. పొయ్యి వెలుగుతుంటే చేతికి అందేంత దగ్గరలో ఉన్నవాళ్లే ఆపాలి, దూరంగా ఉన్నవాళ్లు దాని కోసం పరుగెత్తకూడదు.

విడిపోయి ఉన్నప్పుడు

నేపాల్ భూకంపం 2015 ఏప్రిల్ 25న మధ్యాహ్నం 12 కావస్తుండగా వచ్చింది. అది శనివారం, అక్కడ బడులకు సెలవు. అదే బడి ఉన్న రోజైతే తల్లిదండ్రులు ఒకచోట, పిల్లలు ఒకచోట ఉండేవాళ్లు.

కలుసుకునే చోట్లు రెండు అనుకోండి: ఇంటి దగ్గర ఒక ఖాళీ జాగా, అక్కడికి చేరలేకపోతే కాస్త దూరంలో ఇంకొకటి. వేరే ఊళ్లో ఉన్న ఒక చుట్టాన్నో స్నేహితుణ్నో ఎంచుకుని అందరూ ఆయనకే కబురు పెట్టాలని చెప్పుకోండి. భూకంపం వచ్చిన ఊళ్లో ఫోన్లు కిక్కిరిసిపోతాయి, దూరపు ఊరికి వెళ్లొచ్చు. కాల్ కంటే మెసేజ్ వెళ్లే అవకాశం ఎక్కువ. "క్షేమం, పార్కు దగ్గర ఉన్నాం" అన్నంత చాలు. ఆ నంబర్లు కాగితం మీద రాసి ప్రతి ఒక్కరి పర్సులో, పిల్లల బడి సంచిలో పెట్టండి. ఫోన్ చార్జింగ్ అయిపోతే ఎవరికీ ఏ నంబరూ గుర్తుండదు. పిల్లల్ని బడి నుంచి ఎవరెవరికి అప్పగించవచ్చో బడిలో ముందే రాసి ఇవ్వండి.

నీళ్లు

మనిషికి రోజుకు నాలుగు లీటర్లు: తాగడానికి, వంటకు, కనీస శుభ్రతకు. నలుగురికి మూడు రోజులంటే 48 లీటర్లు, ఇది కనిష్ఠం. రెండు వారాలకైతే 224 లీటర్లు. మొదట మూడు రోజులవి సమకూర్చుకుని నెలనెలా పెంచుకుంటూ పోండి. మూత గట్టిగా పడే, ఆహారానికి వాడదగిన డబ్బాల్లో, నేల మీద, ఎండ తగలని చోట పెట్టండి. మీరే నింపిన నీళ్లను ఆరు నెలలకోసారి మార్చండి. నీళ్లన్నీ ఒకే చోట పెట్టకండి, ఆ గది కూలితే అన్నీ పోతాయి. మీద ట్యాంకు ఉందని ధీమా పడొద్దు, పైపు ఒక్కచోట విరిగినా గంటలో ఖాళీ.

నీళ్ల మీద అనుమానం ఉంటే బాగా తెర్లిన తర్వాత ఒక నిమిషం కాయాలి. రెండువేల మీటర్లకు పైన ఉన్న కొండ ప్రాంతాల్లో మూడు నిమిషాలు. పొయ్యి లేకపోతే వాసనా రంగూ కలపని, 5 నుంచి 6 శాతం సోడియం హైపోక్లోరైట్ ఉన్న ద్రవ బ్లీచు లీటరుకు రెండు చుక్కలు వేసి, కలిపి అరగంట ఆగండి. కొద్దిగా క్లోరిన్ వాసన రావాలి. మురికి నీళ్లయితే ముందు గుడ్డతో వడకట్టి నాలుగు చుక్కలు వేయండి. పెట్రోలో రసాయనాలో కలిసిన నీటిని ఇవేవీ బాగుచేయలేవు.

మరుగుదొడ్డి

దీని గురించి ఎవరూ మాట్లాడరు, కానీ రెండో రోజుకే ఇంటిల్లిపాదినీ సతాయించే సమస్య ఇదే. నేల కింద డ్రైనేజీ గొట్టాలు విరిగాయో లేదో పైకి తెలియదు. పై అంతస్తులో వాళ్లు నీళ్లు పోస్తే కింది అంతస్తు బాత్‌రూములోకి మురుగు పొంగుతుంది. లైను బాగుందని తేలేదాకా కమోడ్ వాడకూడదు.

మూతలున్న రెండు పెద్ద బకెట్లు కొని పెట్టుకోండి. ఒకటి మూత్రానికి, ఒకటి మలానికి. రెండూ కలిస్తేనే భరించలేని కంపు, విడిగా ఉంటే చాలావరకు ఉండదు. మూత్రం బకెట్‌ను నీళ్లు కలిపి, బావికీ బోరుకీ దూరంగా మట్టిలో పోయవచ్చు. రెండో బకెట్లో దళసరి ప్లాస్టిక్ సంచులు ఒకదానిలో ఒకటి వేసి, వాడిన ప్రతిసారీ గుప్పెడు రంపపు పొట్టో ఎండుటాకుల పొడో చించిన కాగితమో పైన కప్పాలి. తడి కనబడకూడదు, అదే గుర్తు. సగం నిండగానే సంచి కట్టి, మూతున్న డబ్బాలో నీడన పెట్టండి. చేతులు కడుక్కోవడానికి సబ్బు, కాసిని నీళ్లు దాని పక్కనే ఉండాలి. ఇలాంటప్పుడు విరేచనాలు మొదలైతే పిల్లలకూ ముసలివాళ్లకూ ప్రాణం మీదికొస్తుంది.

ఇప్పుడు సంచి

రోజూ వేసుకునే మందులు రెండు వారాలకు సరిపడా, వాటి చీటీ నకలు. వండకుండా తినగలిగేవి. గుర్తింపు కార్డుల, ఇంటి కాగితాల నకళ్లు తడవని కవరులో. చిన్న నోట్లలో డబ్బు, ఎందుకంటే కరెంటు లేకపోతే కార్డులూ ఫోన్ చెల్లింపులూ నడవవు. పవర్ బ్యాంకు, బ్యాటరీ రేడియో, దళసరి చేతి తొడుగులు, దుమ్ముకు మాస్కులు, గాయాలకు కట్టు సామాను, శానిటరీ ప్యాడ్లు, పసిపిల్లలుంటే వాళ్ల పాలు, డైపర్లు. గునపం ఒకటి, అది సంచిలో కాకుండా గుమ్మం దగ్గర. తలుపు బిగుసుకుపోతే అదే దిక్కు.

ఊగడం ఆగాక

సముద్రతీరంలో ఉంటే కింది వరుస ఏదీ వర్తించదు. ఇరవై సెకన్లకు మించి ఊగినా, నిలబడలేనంత గట్టిగా ఊగినా హెచ్చరిక కోసం చూడకుండా ముప్పై మీటర్ల ఎత్తుకో, మూడు కిలోమీటర్ల లోపలికో నడిచి వెళ్లిపోండి. సునామీ అలలు ఒకటితో ఆగవు, గంటల తరబడి వస్తూనే ఉంటాయి. మొదటిది తగ్గిందని సామాను కోసం వెనక్కి రావద్దు.

మిగతా చోట్ల ముందు బూట్లు, తర్వాత మీ ఒంటి మీద దెబ్బలు, ఆపై ఇంట్లోవాళ్లు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. గ్యాస్ వాసనో బుసబుస చప్పుడో ఉంటే తలుపులు తెరిచి అందరినీ బయటికి పంపి, అందుబాటులో ఉంటే బయటి వాల్వ్ ఆపండి. అప్పుడు లోపల ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు, వేయడమే కాదు, తీయడం కూడా. సిలిండరు గ్యాస్ గాలికంటే బరువు, నేల మీదే పేరుకుంటుంది. కాబట్టి నిలబడ్డ మనిషికి వాసన తెలియకపోవచ్చు. అగ్గిపుల్ల, కొవ్వొత్తి ఆ రోజంతా వద్దు.

గ్యాస్ వాసన లేదంటే కరెంటు మెయిన్ తీసేయండి. కోబేలో కొన్ని మంటలు కరెంటు పోయినప్పుడు కాదు, తిరిగి వచ్చినప్పుడు అంటుకున్నాయి: పడిపోయిన హీటర్ల వల్ల, సామాను కింద నలిగిన తీగల వల్ల. ఇల్లు వదిలి వెళుతుంటే మెయిన్ తీయకుండా వెళ్లొద్దు. నీళ్ల మెయిన్ వాల్వ్ కూడా మూయండి, వీధి గొట్టం పగిలితే మురికి మీ ట్యాంకులోకి రాకుండా ఉంటుంది.

శిథిలాల కింద చిక్కుకుంటే ముక్కూ నోరూ గుడ్డతో మూసుకుని, గొట్టం మీదో గోడ మీదో మూడేసి సార్లు తట్టండి, విజిల్ ఊదండి. మనుషుల అలికిడి వినబడినప్పుడే అరవండి. అరుపుతో దుమ్ము లోపలికి పోతుంది, శక్తీ పోతుంది.

మళ్లీ ఊగుతుంది, ఇది ఖాయం అనుకునే ఉండాలి. టర్కీలో 7.8 తర్వాత తొమ్మిది గంటలకే 7.5 వచ్చింది. నేపాల్‌లో పదిహేడు రోజుల తర్వాత, మే 12న 7.3 వచ్చి, మొదటిసారి నిలబడ్డ ఇళ్లను కూడా కూల్చింది. పిల్లర్లో ఏటవాలు పగులు, బిగుసుకుపోయిన తలుపులు, పక్కకు ఒరిగిన గోడ కనబడితే ఇంజనీరు చూసేదాకా పడుకోవడానికి లోపలికి వెళ్లొద్దు, ఎంత చలైనా సరే.

పక్కింటివాళ్లు

కోబేలో శిథిలాల నుంచి బతికి బయటపడ్డవాళ్లలో ఎక్కువమందిని లాగింది ఇంట్లోవాళ్లూ ఇరుగుపొరుగువాళ్లూ. రక్షణ బృందాలు రావడానికి గంటలు పడుతుంది, కొన్నిచోట్ల రోజులు. మీ అంతస్తులో, మీ వీధిలో మంచం దిగలేని పెద్దలు ఏ ఇంట్లో ఏ గదిలో పడుకుంటారు, ఒంటరిగా ఉండేవాళ్లెవరు, పగలు పిల్లలు మాత్రమే ఉండే ఇల్లేది, జాకీ, గునపం, రంపం, నిచ్చెన ఎవరి దగ్గరున్నాయి, నర్సుగానో ఎలక్ట్రీషియన్‌గానో పనిచేసేవాళ్లున్నారా అన్నది ఒక కాగితం మీద రాయండి. దానికి అందరినీ ఒప్పించడానికి ఒక సాయంత్రం చాలు. ప్రతి ఇంటికీ ఒక కాపీ ఇవ్వండి. ఆరు నెలలకోసారి నీళ్లు మార్చే రోజునే మందుల గడువు, టార్చి బ్యాటరీలు, పిల్లల బూట్ల సైజుతో పాటు ఆ కాగితాన్ని కూడా సరిచూసి, ఇల్లు మారినవాళ్ల పేర్లు కొట్టేసి కొత్తవాళ్లవి రాసుకోండి.